ప్రోగ్రాములకు విల్లంగం చూసిన కాలం

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న, దీనికి ఏ కోర్సు చదవాలి అని. ఏదీ చదవక్కర్లేదు. తమది కానిదాన్ని మనుషులు ఎంత ధైర్యంగా తమదంటారో విని, నవ్వు ఆపుకోవడం వస్తే చాలు. నాకది సరిగ్గా రాలేదు. అందుకే నా ప్రమోషన్లు నత్తనడక నడిచాయి, వాటి గురించి ఇక్కడ ఒక్క మాటా రాయను.

నా పనేమిటో మా అమ్మకు చెప్పడానికి చాలా అవస్థ పడ్డాను. పదిమంది కూడి రాసిన ప్రోగ్రాములో ఏ ముక్క ఎవరు రాశారు, ఆ ముక్క మీద హక్కు ఎవరిది, దాన్ని మరొకరికి రాసిచ్చే అధికారం వాళ్ళకు ఉందా లేదా, ఇది వెతికి చెప్పడం. అంతా విని మా అమ్మ, "అట్లంటే విల్లంగం చూస్తావు, అంతే దానే?" అంది. భూమి కొనేముందు దాని మీద అప్పులూ తగాదాలూ వాటాదారులూ ఉన్నారేమోనని మా వైపు రిజిస్ట్రారు ఆఫీసులో చూపించుకుంటారు. ఆ చిక్కుల్నే విల్లంగం అంటారు. నా పనిని అంత సూటిగా చెప్పినవాళ్ళు మరొకరు లేరు. మా మేనేజరు దానికి ఇంగ్లీషులో బారెడు పేరు పెట్టి విజిటింగు కార్డుల మీద అచ్చు వేయించాడు. ఆ కార్డు చూసినవాళ్ళు మేము ఇన్సూరెన్సు అమ్ముతామని అనుకునేవాళ్ళు.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం, చదవడం నేను పెద్దవాణ్ణయ్యాక పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నాను. అందువల్ల నా వాక్యాలకు పుస్తకాల వాసన ఉంటే ఉండవచ్చు. మనుషుల మాటలు మాత్రం వాళ్ళు మాట్లాడినట్లే రాస్తాను. వాటిలో 'దానే' అంటే 'కదా' అని, 'దా' అంటే నొక్కి చెప్పడం, రెండూ తమిళం నుంచి అంటుకున్నవే.

లేబుళ్ళ ఊరు

తొంభైల్లో నేను కోవిల్‌పట్టిలో ఒక కంప్యూటరు సెంటరులో పనిచేశాను. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు సరుకు లెక్కల ప్రోగ్రాములు పెట్టి ఇవ్వడం మా పని. అగ్గిపెట్టెకు లేబులే ప్రాణం. ఒక ముదలాళి, అంటే ఫ్యాక్టరీ యజమాని, నెమలి బొమ్మ లేబులుతో పెట్టెలు అమ్మేవాడు. కళుగుమలై వైపు ఇంకెవడో రెండు నెమళ్ళు వేసి అదే రంగులో లేబులు కొట్టించాడు. మన ముదలాళి అగ్గి మీద గుగ్గిలమై, మదరాసు నుంచి వకీలును పిలిపించాడు.

ఆ వకీలు ఇంకా ఊళ్ళో ఉండగానే ముదలాళి మా సెంటరుకు వచ్చాడు. తన బామ్మర్ది ఫ్యాక్టరీలో ఉన్న ప్రోగ్రామును ఫ్లాపీలో ఎక్కించుకొచ్చి, మొదటి తెర మీద బామ్మర్ది కంపెనీ పేరు తీసేసి తన కంపెనీ పేరు పెట్టమన్నాడు.

"అయ్యా, దీన్ని రాసినాయన మదురైలో ఉండాడు. ఆయన్ని అడగాల" అన్నాను.

"లేబులు వేరే, ఇది వేరే తంబీ. లేబులు నేను దుడ్డు పెట్టి వేయించింది. ఇది గాలి మాదిరి. గాలికి ఎవుడన్నా ముదలాళి ఉంటాడా?" అన్నాడు.

నేను పెట్టనన్నాను. మా సెంటరు ఓనరు నన్ను టీ తెమ్మని బయటికి పంపి తనే పెట్టేశాడు. కొన్నేళ్ళకు అదే ప్రోగ్రాము రిపేరుకని ఇంకో ఊరి నుంచి మా దగ్గరికే తిరిగి వచ్చింది. లోపల ఎన్నో కంపెనీల పేర్లు ఒకదాని మీద ఒకటి అతికి ఉన్నాయి. మదురై ఆయన పేరు మాత్రం మచ్చుకైనా లేదు. ఈ దేశంలో కంటికి కనిపించే నెమలికి యజమాని ఉంటాడు గానీ, కూర్చుని ఆలోచించినవాడికి ఏమీ ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

మిరపకాయల గోడౌను మీద

తర్వాత విరుదునగర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. మా ఆఫీసు మిరపకాయల గోడౌను పైఅంతస్తులో ఉండేది. బెంగుళూరు నుంచి సూటు వేసుకుని వచ్చిన పెద్దమనుషులు కూడా మా మెట్లెక్కేసరికి తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చేవాళ్ళు. వాళ్ళను సమానంగా చూడటానికి అది నాకు బాగా పనికొచ్చింది.

అప్పటికి అందరికీ ఉచితంగా దొరికే, విప్పి చూసుకుని మార్చుకోగలిగే ప్రోగ్రాములు బాగా వ్యాపించాయి. ఎక్కడెక్కడి మనుషులో ఇంటర్నెట్టులో కలుసుకుని, ముక్క ముక్కగా రాసి కలిపేవాళ్ళు. కంపెనీలు వాటిని గుట్టుగా తమ యంత్రాల్లో పెట్టుకుని, ఆ తర్వాత కోర్టు గుర్తొచ్చి భయపడి, మా దగ్గరికి పంపేవి. ఉచితమంటే దిక్కులేనిది అని వాళ్ళ నమ్మకం. ఇటువైపు స్వేచ్ఛ గురించి వేదికలెక్కి ఉపన్యాసాలిచ్చే కుర్రవాళ్ళు తక్కువవాళ్ళు కారు. ఆఫీసులో జీతం తీసుకుంటూ రాసినదాన్ని, యజమానిని ఒక్క మాట అడక్కుండా లోకానికి దానమిచ్చేసి దండలు వేయించుకునేవాళ్ళు.

చట్టం చాలా సాదాగా ఉంటుంది. ఎవరు రాస్తే హక్కు వాళ్ళది. జీతానికి ఉద్యోగంలో రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే, జీతమిచ్చినవాడిది. రాసినవాళ్ళు సంతకం చేసి రాసిస్తే తప్ప మరొకరిది కాదు. పాఠం చెప్పినా, కంప్యూటరు కొనిచ్చినా, కరెంటు బిల్లు కట్టినా హక్కు పుట్టదు. ఒక్క చిక్కుంది. పైన రచయితగా ఎవరి పేరుంటే, కాదని రుజువయ్యేదాకా, వాళ్ళే రాశారని కోర్టు అనుకుంటుంది. నా ఉద్యోగమంతా ఈ నాలుగు మాటల్ని చదువుకున్నవాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పడంతోనే గడిచిపోయింది.

ముగ్గురు యజమానులు

నేను చెప్పదలచుకున్న అసలు కేసు 'అంచు' అనే ప్రోగ్రాముది. చీర అంచు బొమ్మను కంప్యూటరులో గీస్తే, బెజ్జాల అట్టలతో బొమ్మ నేసే జకార్డు మగ్గానికి ఏ అట్టలో ఎక్కడ బెజ్జం కొట్టాలో అది లెక్క వేసి ఇస్తుంది. అంతకుముందు గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ కళ్ళు పోగొట్టుకునే పని అది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చింది పంచితే మళ్ళీ అదే షరతు మీద పంచాలి. సూరత్ నుంచి ఒకాయన, పోర్చుగల్ నుంచి ఒకావిడ, ఇంకా కొందరు దాన్ని బాగుచేసి ముక్కలు పంపేవాళ్ళు.

మగ్గాల యంత్రాలు చేసే ఒక పెద్ద కంపెనీ కన్ను దాని మీద పడింది. హక్కులన్నీ కొనేసి, కొత్త కూర్పులకు తలుపులు మూసి, తన యంత్రంతో కలిపి అమ్ముకోవాలని దాని ఎత్తు. అప్పటికే పంచిన కూర్పును వెనక్కి లాక్కోలేరు. అందుకని ఒప్పందంలో ఇంకో షరతు దూర్చారు. సంతకం చేసినవాళ్ళు ఇకమీదట ఇలాంటి ప్రోగ్రాము రాయకూడదు. హక్కు పత్రం శుభ్రంగా ఉందని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మేము.

విప్పి చూస్తే ఫైళ్ళ నెత్తిన మూడు పేర్లు ఉన్నాయి. పాత ఫైళ్ళ మీద ఒక కాలేజీలో నేత శాఖ ప్రొఫెసరు పేరు. నడిమి ఫైళ్ళ మీద కోవిల్‌పట్టి గురుసామి పేరు. కొత్తవాటి మీద 'రెంగసామి అండ్ సన్స్', దగ్గరి నేతల ఊళ్ళో పవర్‌లూములు నడిపే కుటుంబం. యజమానులు ముగ్గురే, ముగ్గురూ బస్సు దూరంలో ఉన్నారు, ముగ్గురూ సంతకానికి సిద్ధం. మా మేనేజరు సుందరం ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

నేను ముందు ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళాను. "సార్, దీన్ని ఏ భాషలో రాశారు?" అని అడిగాను. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకుని, "ఇంగ్లీషులోనే" అన్నారు. ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశాను.

గురుసామి కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసేచోట మేస్త్రీ. ఆయన కనీసం నిజం చెప్పాడు. "నేను ఏమి రాసేది సామీ! నా బిడ్డ రాజి రాసె. కంప్యూటరు నేను కొనిస్తి గదా, దానికి నా పేరు పెట్టింది. పేరు ఉంటే నాది దానే?"

ఆ రాజేశ్వరే కాలేజీలో ప్రొఫెసరు దగ్గర చదివినప్పుడు మొదలుపెట్టి, పుట్టింట్లో పెంచి, పెళ్ళయ్యాక రెంగసామి ఇంట్లో కోడలిగా ఉండి కూడా రాస్తూ వచ్చింది. ఏ చోట ఉంటే ఆ చోటి పెద్ద పేరు ఫైలు పైన పెట్టింది.

మా వైపు గుళ్ళలో ట్యూబులైటు దానమిచ్చినవాళ్ళు దాని మీదే రంగుతో తమ పేరు, తండ్రి పేరు, అంగడి పేరు రాయించుకుంటారు. ఉపయం అంటారు దాన్ని. సగం వెలుతురు ఆ అక్షరాలకే పోయి దేవుడు చీకట్లో ఉంటాడు. ఫైలు నెత్తిన హక్కుదారు పేరు చెప్పే కాపీరైటు వాక్యాన్ని ఈ అమ్మాయి ఉపయం అనుకుంది. ప్రపంచంలో ఎన్నో తప్పులు చూశాను గానీ, ఈ తప్పు మావాళ్ళు తప్ప ఎవరూ చేయలేరు. చూసినప్పుడు మొదట నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

సూరత్ ఆయనకు, పోర్చుగల్ ఆవిడకు ఉత్తరం రాశాను. ఇద్దరూ ఒకే మాట రాశారు. మేము ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నది రాజితో, ఆ ముగ్గురూ ఎవరు, అని.

ఈ సంగతి సుందరానికి చెబితే, "పైన ఉన్న పేరు చాలు. ఇంట్లో ఎవరు టైపు కొడితే మనకెందుకు?" అన్నాడు. టైపు కొట్టడమట. ఆయన తన జీవితంలో రాసినదల్లా సెలవు చీటీలే.

రెంగసామి ముందుగది

సంతకం రోజున నేనూ సుందరమూ ఆ ఊరు వెళ్ళాం. గురుసామి కూడా కోవిల్‌పట్టి నుంచి వచ్చి ఉన్నాడు. రాజేశ్వరి భర్త నూలు కొనడానికి ఈరోడు వెళ్ళాడట. పక్క కొట్టంలో మగ్గాల చప్పుడు. రెంగసామి, ఆమె మామగారు, కుర్చీలో పెన్ను పట్టుకుని తయారుగా కూర్చున్నాడు.

"రాండి, కూసోండి. పత్రం తెచ్చినారా? కైయెళుత్తు పెట్టేస్తా" అన్నాడు. సంతకాన్ని మా వైపు కైయెళుత్తు అనే అంటాం.

"అయ్యా, ఇది రాసింది మీరా?"

"మా ఇంట్ల రాసింది. మా ఇంట్ల నేసిన చీరని ఎవురు నేసిరి అని అడుగుతారా? అది ఇంటి చీర దా."

గురుసామికి రోషం వచ్చింది. "బావా, మొదలు రాసింది మా ఇంట్ల. అప్పుడు పెండ్లి మాటే లేదు. సగమన్నా నాది."

"బిడ్డ మా ఇంటికి వచ్చె గదా! బిడ్డ వస్తే అది చేసిందీ వచ్చినట్లు దా."

వియ్యంకులిద్దరూ నా కళ్ళెదుటే ఆ ప్రోగ్రామును ఆవుదూడను పంచుకున్నట్లు పంచుకోవడం మొదలుపెట్టారు. సుందరం ఇద్దరికీ తల ఊపుతున్నాడు. రాజేశ్వరి కాఫీ గ్లాసులు తెచ్చి అందరి ముందూ పెట్టి, తలుపు పక్కన నిలబడింది. ఆమె వైపు ఒక్కరూ చూడలేదు. ఇంత సిగ్గులేని బేరం నేను అంతకుముందు చూడలేదు, అగ్గిపెట్టెల ఊళ్ళో పుట్టి కూడా.

"అయ్యా, ఒక్క మాట. ఈ పనికి మీ కోడలికి జీతమిచ్చినారా?" అని అడిగాను.

రెంగసామి లేచి నిలబడ్డాడు. "ఎవుర్ని చూసి ఏమి అడుగుతా ఉండావు తంబీ? ఇంటి కోడలికి జీతమా? మేము దాన్ని కూలికి పెట్టుకున్నామా? ఈ ఊర్ల అడుగు, రెంగసామి ఇంటి ఆడబిడ్డ ఎవుర్దన్నా జీతం తీసుకునిందా అని!"

"మీరో మామా?" అని గురుసామిని అడిగాను.

"కన్నబిడ్డకి కూలి ఇచ్చేవాడు ఉంటాడా సామీ?" అన్నాడాయన నొచ్చుకుని.

"అయితే సరి. జీతం ఇచ్చింటే తగాదా పడేదానికి ఏమన్నా ఉండేది. మీరు ఇవ్వలేదు. హక్కు మీ ఇద్దరిదీ కాదు. ప్రొఫెసరుదీ కాదు. ఆమెది."

నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది, కానీ అది ఎంతోసేపు నిలవలేదు. ముందు తేరుకున్నది సుందరమే. పత్రమూ పెన్నూ తీసి ఆమె వైపు చాపాడు. అంతవరకూ కొట్టుకున్న వియ్యంకులు క్షణంలో ఒకటైపోయారు.

"పెట్టు తల్లీ" అన్నాడు మామగారు.

"పెట్టు బిడ్డా, పెద్దాయన చెప్తా ఉండాడు గదా" అన్నాడు తండ్రి.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని పత్రం తీసుకుంది. పెన్ను తీసుకోలేదు. నిలబడే చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగి నన్ను అడిగింది. "అన్నా, ఈ షరతుకి అర్తం ఏమి? నేను ఇంగ రాయకూడదా?"

"రాయకూడదమ్మా. అంచే కాదు, అట్లాంటిది ఏదీ."

"సూరత్ అన్న, పోర్చుగల్ అక్క రాసింది కూడా దీంట్ల ఉండాది. వాండ్లని అడిగినారా?"

సుందరం తమిళంలో, అవి చిన్న ముక్కలేనని, పీకేసి వేరే రాయించుకుంటామని చెప్పాడు. ఆమె పత్రాన్ని మడిచి, "చదివి చెప్తాను" అంది.

"చదివేకి ఏముండాది?" అన్నాడు రెంగసామి.

"మీరు నూలు విప్పి చూడకుండా కొంటారా మామా?"

ఆయన తన పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బయల్దేరేటప్పుడు గడప దగ్గర నేను ఉండబట్టలేక అడిగేశాను, ఆ పేర్లన్నీ ఎందుకు పెట్టావమ్మా అని.

"మరియాదకి పెట్టినా అన్నా. నా పేరే మొదల పెట్టుకుంటే తలబిరుసు అంటారని."

"ఆ మర్యాదే రేపు కోర్టులో నీ మీద సాక్ష్యం చెప్తుంది. పైన ఉన్న పేరుదే మొదటి మాట. కాదని చెప్పాల్సింది నువ్వే, వీళ్ళ ముందరే. నీ కోసం నేను చెప్పలేను" అన్నాను. నా గొంతు కటువుగానే ఉంది. ఆమె తల దించుకోలేదు.

బస్సులో సుందరం నన్ను ఉతికి ఆరేశాడు. క్లయింటు పోతే నా ఉద్యోగం కూడా దాని వెంటే పోతుందన్నాడు. ఆ ఇంట్లో ఆమె మీద ఎంతమంది ఎన్ని విధాలుగా ఒత్తిడి పెడుతున్నారో తలుచుకుంటే నా ఉద్యోగం నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. భయం వేసింది నిజమే. భయం ఆమె గురించి.

కొత్త కూర్పు

కొన్ని రోజులకు 'అంచు' కొత్త కూర్పు బయటికి వచ్చింది. అంచు పనిలో కొత్తదేమీ లేదు. మారింది ఫైళ్ళ నెత్తి మాత్రమే. ప్రతి ఫైలు మీదా ఆమె పేరు, ఆమె రాయని ముక్కల దగ్గర వాటిని రాసినవాళ్ళ పేర్లు. కూర్పుతో పాటు అందరికీ ఒక ఉత్తరం పంపింది. ఇన్నాళ్ళూ పైన ఉన్న పేర్లు మర్యాదకు నేను పెట్టినవి, వాళ్ళు రాయలేదు, రాసింది నేను, నా భాగాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు. అంతే ఉంది అందులో. నేను చదివి, మేడ దిగి, ఆ మిరపకాయల ఘాటులో కాసేపు నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి, నెపం మిరపకాయల మీద పెట్టే అవకాశం ఉంది కాబట్టి తుడుచుకోలేదు.

ఆ ముగ్గురి పేర్లు ఆమె పారేయలేదు. 'ఉపయం' అని ఒక కొత్త ఫైలు చేసి అందులో పెట్టింది. పాఠం చెప్పినందుకు ప్రొఫెసరు, కంప్యూటరు కొన్నందుకు నాన్న, అంచుల పని చూపించినందుకు రెంగసామి ఇల్లు. కొంతకాలం ఆ ఇంట్లో ఆమెతో మాటల్లేవని గురుసామి చెప్పాడు. తర్వాత ఎవరో ఆ ఫైలు చూపించారట. రెంగసామి ఆ పేజీని అచ్చు తీయించి ముందుగదిలో పటం కట్టించుకున్నాడు. పేరు గోడ మీద ఉంటే చాలు ఈ పెద్దమనుషులకు, అది ఎందుకుందో చదవరు.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పైన రాసి ఉన్న పేరును నమ్మి సర్టిఫికెట్ ఇవ్వకండి. ప్రోగ్రాము రాసిన చోటికి వెళ్ళండి. కుర్చీలో కూర్చున్నవాణ్ణి రెండు ప్రశ్నలు అడిగి, కాఫీ తెచ్చిన మనిషితో మాట్లాడండి. మీ మేనేజరుకు నచ్చదు. మా మేనేజరు నాతో చాలాకాలం ముఖం తిప్పుకునే తిరిగాడు, అయినా ఉద్యోగం పోలేదు. మిరపకాయల ఘాటులో పనిచేయడానికి ఇంకెవరూ రాలేదు, అదీ కారణం.

కొనే ఆశ వదులుకుని కేసు మూసేముందు మగ్గాల కంపెనీ వకీలు ఫోను చేశాడు. హక్కుదారు పేరు రాయాల్సిన గడి దగ్గర ఆయనకు చిక్కొచ్చింది. మా రాష్ట్రంలో పేరు ముందు ఇనిషియల్ లేకపోతే ఏ కాగితమూ కదలదు, ఆడవాళ్ళకు పెళ్ళికి ముందు తండ్రిది, తర్వాత భర్తది.

"ఒట్టి రాజేశ్వరి అని ఉంది. ఇనిషియల్ ఏది పెట్టాలి, తండ్రిదా, భర్తదా?" అన్నాడు.

నేను ఆ ఫైళ్ళు మళ్ళీ తెరిచి చూశాను. ఎక్కడా లేదు.

"ఏదీ పెట్టకండి సార్. ఆ పేరు మీద విల్లంగం లేదు" అన్నాను.